తిరగేసే జెరూషా

నూజివీడులో ఫిజియోథెరపిస్టు జెరూషా అంటే చాలామందికి తెలియదు. ‘తిరగేసే జెరూషా’ అంటే ఆటోవాళ్లు కూడా ఇల్లు చూపిస్తారు. మంచాన పడ్డ పెద్దవాళ్ల ఇళ్లకు స్కూటీ మీద వెళ్లి, వాళ్లను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పించడమే ఆవిడ పని. నోరు పెద్దది. మొదటి రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

మా మామగారు బసవపున్నారావుగారు మామిడి వ్యాపారి. ఏటా మొదటి లోడు కాటా ఎక్కేటప్పుడు ఆయన షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చోవాల్సిందే. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినా, ఈ ఏడూ కూర్చుంటానని పంతం. అడ్డల్లా నడుం కింద లేచిన పుండు. అది మానితేగాని కూర్చోబెట్టొద్దన్నారు డాక్టరుగారు.

జెరూషా వస్తూనే దుప్పటి ఎత్తింది. ఆయన నడుం కింద పాత చీరతో చుట్టిన చుట్టకుదురు. పుండు పరుపుకు తగలకూడదని మా అత్తగారు సుభద్రమ్మ ప్రేమగా పెట్టారు.

“ఇదేంటి పిన్నిగారూ, ఆయనేమన్నా కుండా? చుట్టూ ఒత్తుకుపోతే మధ్యలోకి రక్తం ఆడదండీ. పుండు పెద్దదవుద్ది. దిండ్లు తెండి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుదాం.”

అత్తగారి మొహం చిన్నబోయింది. అది చూసి జెరూషా, “కుదురు మాత్రం భలే చుట్టారు, మా ఇంట్లో కుండకి పట్టుకెళ్తా” అని సంచిలో వేసుకుంది. అత్తగారు నవ్వేశారు.

కుడి పక్కకు మామగారు సరే అన్నారు. అటు వీధి గుమ్మం కనిపిస్తుంది. ఎడమకు తిప్పబోతే బిగుసుకుపోయారు. అటు గోడ.

“గోడకేసి తిరిగి పడుకోడానికి నేనేమన్నా అలిగానా? చూడొచ్చినోళ్లు ఏమనుకుంటారు?”

నేను బతిమాలాను, మా ఆయన సతీష్ అరిచారు. ఆయన తిరగలేదు, పుండు మానలేదు. తోటల్లో కాయ ముదురుతోంది. ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోతే ఆయన ఇక కోలుకోరని నాకు భయం పట్టుకుంది.

“మాగేసిన కాయల్ని ఒక పక్కనే ఉంచేస్తారా బాబాయిగారూ?” అంది జెరూషా ఒకరోజు.

“మచ్చ పడిపోదూ! తిరగెయ్యాలి.”

“మరి?”

“కాయకి అలకుండదమ్మా.”

జెరూషా కాసేపు మంచం చుట్టూ తిరిగి, నన్నూ సతీష్‌నీ పిలిచి, దాన్ని హాలు మధ్యకు లాగించింది. అప్పుడు ఆయన్ని ఎడమకు తిప్పింది. ఇప్పుడు ఎదురుగా, ఆ గోడకే ఉన్న వంటింటి గుమ్మం. అత్తగారు దొండకాయలు తరుగుతున్నారు.

ఆ రోజు నుంచి పేచీ లేదు, వ్యాఖ్యానం తప్ప.

“కాస్త సన్నగా తరుగు.”

“ఇన్నేళ్లూ తిన్నప్పుడు తెలీలేదా?”

పుండు మానింది. మొదటి లోడు వచ్చిన రోజు మామగారు షెడ్డులో కూర్చున్నారు. వెనకాల నిలబడి, మధ్యమధ్యలో ఆయన్ని అటూ ఇటూ ఒరిగిస్తూ జెరూషా. కాటా ఎక్కిన మొదటి గంప చూసి ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

ఇంటికొచ్చాక సతీష్, “నాన్నా, హాల్లో నడవడానికి లేదు, మంచం మళ్లీ గోడ పక్కకి జరిపేద్దామా?” అన్నారు.

“వద్దురా. అక్కడైతే మీ అమ్మ కనపడదు.”

ఆ పూట అత్తగారు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయారు. మామగారు మారుమాట లేకుండా తిన్నారు.