దేవమణి చెప్పిన కేకు సినిమా

శ్రీకాకుళంలో బస్సెక్కే వాళ్ళకి దేవమణి ముఖం తెలియకపోవచ్చు గానీ, గొంతు మాత్రం అందరికీ తెలుసు. "పాలకొండ మీదుగా పార్వతీపురం వెళ్ళు బస్సు" అని మైకులో వినబడే ఆడగొంతు చాలా ఏళ్ళపాటు ఆమెదే.

ఆమె పుట్టింది శ్రీముఖలింగం అవతల, వంశధార ఒడ్డునున్న పల్లెలో. తండ్రి దాలయ్య వ్యవసాయ కూలీ. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. ఆస్తి అంటూ ఏమీ ఇవ్వలేకపోయినా ఆ గొంతు మాత్రం కూతురికి వచ్చింది. ఇంటరు అయ్యాక పెళ్ళి చేశారు. భర్త కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డాడు. ఆస్పత్రుల చుట్టూ తిరగడంతోనే కాపురం గడిచిపోయింది. అతను పోయేనాటికి దేవమణికి ముప్ఫై కూడా నిండలేదు, పిల్లలు లేరు. శ్రీకాకుళంలో ఎలక్ట్రీషియన్ పని చేసుకునే తమ్ముడు విక్టర్ వచ్చి అక్కని తీసుకెళ్ళి తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాతే బస్‌స్టాండులో మైకు పని దొరికింది.

యాభైకి దగ్గరపడుతుండగా ఆ పనీ పోయింది. రికార్డు చేసిన గొంతు వచ్చింది. దానికి జలుబు చెయ్యదు, సెలవు అడగదు. దేవమణి ఎవరినీ తిట్టలేదు, ఏడవనూ లేదు. కానీ మధ్యాహ్నాలు ఇంట్లో కూర్చుంటే, రోజంతా ఆడిన నోరు ఖాళీగా ఉండడం ఆమెకి వింతగా ఉండేది.

అలాంటప్పుడు చర్చిలో పద్మజ కలిసింది. పద్మజ బ్యాంకులో పని చేస్తుంది. తండ్రి సుందరరావు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యాడు. తల్లి పోయి చాలా కాలమైంది. గ్లకోమా వల్ల ఆయనకి చూపు పూర్తిగా పోయింది. పగలంతా ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు.

"పెద్ద పనేం కాదు పిన్నీ. పేపరు చదివి పెట్టండి, అన్నం వడ్డించండి. మనిషి కొంచెం చిరాకుగా ఉంటారు, పట్టించుకోకండి" అంది పద్మజ.

మొదటిరోజు దేవమణి గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, నానండీ, పద్మజ పంపించినాది" అంది.

కుర్చీలో ఉన్న సుందరరావు తల పైకెత్తాడు. "ఉండండి. మీరు బస్టాండు అమ్మ కదూ? మీ మాట నమ్మి ఓసారి రెండు గంటలు రాజాం బస్సు కోసం కూర్చున్నాను."

"నాను సెప్పిన బస్సు రాకపోతే డ్రైవర్నడగాల గానీ, నన్నడిగితే ఏటి లాభం?"

చాలా రోజుల తర్వాత ఆయన నవ్వాడు.

కొన్ని వారాలకి ఒక పాత శిష్యుడు పెన్‌డ్రైవు తెచ్చి ఇచ్చాడు. అందులో ఒక అమెరికా సినిమా ఉంది. సినిమాకి మాటలు వచ్చిన కొత్తల్లో తీసిన నలుపు తెలుపు సినిమా, నవ్వించే ప్రేమకథ. విశాఖపట్నంలో ట్రైనింగు చదివేటప్పుడు మాస్టారు దాన్ని ఒకసారి చూశాడు. పగలబడి నవ్వినట్టు గుర్తుంది గానీ ఎందుకు నవ్వాడో గుర్తులేదు.

కథ చిన్నదే. కేకులు చేసే కొట్టులో ఒక అమ్మాయి పని చేస్తుంటుంది. ఒక పెద్దింటి పెళ్ళికి మూడంతస్తుల కేకు చేస్తుంది. దాన్ని అందించడానికి వ్యాను డ్రైవరుతో కలిసి బయల్దేరుతుంది. దారిలో అడ్రసు కాగితం గాలికి ఎగిరిపోతుంది. ఇద్దరూ ఊరంతా తిరుగుతారు. తిరిగినంతసేపూ పోట్లాడుకుంటారు. ఆగిన చోటల్లా కేకు కొంచెం కొంచెం పాడవుతూ ఉంటుంది.

ఇంగ్లీషు మాటలు మాస్టారికి అర్థమవుతాయి. కానీ మాట ఆగి, సంగీతం ఒక్కటే వినిపించేటప్పుడు తెరమీద ఏం జరుగుతోందో తెలియదు. దేవమణికి అన్నీ కనిపిస్తాయి గానీ, ఆ వేగంలో ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అందదు.

"ఇప్పుడేమయింది? చెప్పండి" అన్నాడు మాస్టారు.

దేవమణి గొంతు సవరించుకుంది. "ఒక వ్యక్తి వచ్చుచున్నాడు. అతని చేతిలో పెట్టె కలదు."

"ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి?"

ఆమెకి రోషం వచ్చింది. "నాకు ఇలాగే వచ్చు" అని నోరు మూసుకుంది. సినిమా నడుస్తూనే ఉంది. కాసేపటికి మాస్టారికి పక్కనించి వింత శబ్దం వినిపించింది. దేవమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"మీరొక్కరే నవ్వుకుంటే ఎలాగండీ! చెప్పి నవ్వండి!"

"ఉండండి మాస్టారూ... ఊపిరాడటం లేదు... ఆ డ్రైవరు కేకు మీద కూకుండిపోనాడు! ఆడికి తెలవదు. ఆ పిల్ల సూసింది. సూసి కూడా సెప్పటం లేదు. ఆడు ఆ పంట్లాంతోనే పోలీసోడి ముందర పెద్దమనిసిలాగ నడుస్తన్నాడు!"

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని నవ్వాడు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆ రోజుతో దేవమణి మైకు భాష వదిలేసింది. ఇంట్లో మాట్లాడినట్టే సినిమా చెప్పసాగింది. మాటలు వచ్చినప్పుడు ఆయన తెలుగులో చెప్పేవాడు, మాటలు ఆగినప్పుడు ఆమె అందుకునేది. ఇద్దరూ కలిస్తేనే ఒక సినిమా పూర్తయ్యేది.

మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు మాస్టారు. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట తగువు వచ్చేది.

"నీ మొహం చూడను పో అంటోంది" అని ఆయన అర్థం చెబితే, "నోరంటన్నాది మాస్టారూ. సెయ్యి మాత్రం అతగాడి కోటు ఒగ్గలేదు" అనేది ఆమె.

"అయితే ఆ మాట అబద్ధమా?"

"మాట అబద్ధమో కాదో మీరు సెప్పాల. సెయ్యి సంగతి నాను సెప్తన్నాను."

ఒకరోజు పద్మజ బ్యాంకు నించి పెందలాడే వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి ఇదంతా వింది. తన తండ్రి అలా గొంతెత్తి వాదించి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తురాలేదు. విజయనగరంలో చూపులేని వాళ్ళ సంఘం ఒకటుంది. దానికి పెద్ద గంగులు. తనూ చూపులేనివాడే, పిల్లలకి హార్మోనియం నేర్పుతాడు. పద్మజ అతనికి ఫోన్ చేసి చెప్పింది. "అయితే ఆ సినిమా మాకూ సెప్పించండమ్మా" అన్నాడు గంగులు.

దేవమణి బెదిరిపోయింది. "నాకు మైకులో ఊర్ల పేర్లు తప్ప ఏటీ రావు."

"పక్కన నేనుంటాను కదండీ" అన్నాడు మాస్టారు.

ఆదివారం మధ్యాహ్నం. సంఘం హాలు నిండిపోయింది. చూపులేని వాళ్ళతోపాటు తోడుగా వచ్చిన చుట్టాలూ ఉన్నారు. తెర కనబడాలని కిటికీలకి దళసరి దుప్పట్లు కట్టారు. మైకు చేతికి రాగానే దేవమణి మళ్ళీ మైకు భాషలోకే జారింది. కేకు మీద కూర్చునే ఘట్టం వచ్చేసరికి హాలంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. ఆ నవ్వుతో ఆమె బెదురు పోయింది.

అంతా సవ్యంగా సాగుతుండగా, వ్యాను పెళ్ళింటి ముందు గోతిలో పడిన క్షణాన కరెంటు పోయింది. బొమ్మ పోయింది, మాట పోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి. హాలు చీకటైపోయింది. కళ్ళున్న వాళ్ళందరూ లేచి, దుప్పట్లు తీయమనీ, ఇంటికి పోదామనీ గోల మొదలెట్టారు.

గంగులు గట్టిగా కేకేశాడు. "ఏటి లెగుస్తన్నారు? మాకు సినిమా ఆగలేదే! కూకోండి. అమ్మా, బండి గోతిలో పడ్డాది, తరవాతేటయ్యింది?"

అందరూ నవ్వి కూర్చున్నారు. మైకు పనిచెయ్యకపోయినా దేవమణి గొంతు చాలింది. మనసులో ఉన్న బొమ్మలనే చూస్తూ చెప్పుకుపోయింది. ఇప్పుడు సినిమా మాటలూ లేవు కాబట్టి హీరో మాటలు మాస్టారే ఇంగ్లీషులో అని, తెలుగులోనూ అనసాగాడు. పెళ్ళింట్లో పెళ్ళి ఆగిపోయిందని తెలిసింది. కేకు అడిగేవాళ్ళు లేరు. మిగిలిన ముక్క పట్టుకుని ఆ ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"కూకున్నారు. ఆడు ఆ పిల్లకేసి సూస్తన్నాడు" అంది దేవమణి.

అప్పుడు మాస్టారు తెలుగులో అన్నాడు: "నాకు ఒంటరిగా దారి తెలియడం లేదు. ఇకమీదట నువ్వు నా పక్కనే కూర్చుంటావా?"

దేవమణి ఆగిపోయింది. సినిమాలో అక్కడ ఆ మాట లేదు. అసలక్కడ హీరో నోరే విప్పడు, ఊరికే కేకు ముక్క ఆ పిల్లవైపు జరుపుతాడు. అన్నిసార్లు చూసిన ఆమెకి ఆ సంగతి బాగా తెలుసు. చీకట్లో చెవులు వేడెక్కాయి.

ముందు వరసలో ఉన్న అసిరమ్మ అనే ముసలామె ఉండబట్టలేక అడిగింది. "ఆ పిల్ల ఏటన్నాదమ్మా?"

దేవమణి ఊపిరి తీసుకుంది. "ఆలోసిస్తన్నాది" అంది.

అదే ముగింపనుకుని హాలు చప్పట్లతో మోగింది. తర్వాత కరెంటు వచ్చి అసలు ముగింపు తెరమీద కనబడింది గానీ, దాన్ని పట్టించుకున్న వాళ్ళు లేరు.

తిరుగు బస్సులో చిలకపాలెం దాటాక దేవమణే కదిపింది. "సినిమాలో లేని మాట ఎందుకన్నారు?"

"కరెంటు పోయిందిగా, ధైర్యం వచ్చింది" అన్నాడు మాస్టారు. "మీరు ఆలోచిస్తానన్నారు. ఆలోచించండి. తొందరేం లేదు."

ఆమె నిజంగానే ఆలోచించింది. సంగతి తెలిసి పద్మజ ముందు తెల్లబోయింది, తర్వాత దేవమణి చెయ్యి పట్టుకుని, "నాకు ఇష్టమే పిన్నీ. మొహమాటపడి మాత్రం ఒప్పుకోకండి" అంది. విక్టర్ మాత్రం మండిపడ్డాడు.

"ఈ వయసులో పెళ్ళేటి అప్పా? నలుగురూ ఏటనుకుంటారు?"

"నలుగురూ ఎప్పుడో అనుకోవడం అయిపోయినాదిరా."

"అది కాదు. ఒకసారి జబ్బు మనిసికి సేసి సేసి నీ వయసంతా పోనాది. మళ్ళీ అలాంటి సాకిరే ఎత్తుకుంటావేటి?"

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. తమ్ముడు కోపంతో అన్నా ప్రేమతోనే అన్నాడు. పైగా అది తన మనసులో తిరుగుతున్న భయమే. మర్నాడు మాస్టారి ముందు కూర్చుని దాచకుండా అడిగేసింది.

"మాస్టారూ, ఇప్పుడైతే సాయంత్రం నా ఇంటికి నాను పోతన్నాను. పెళ్ళయితే ఎక్కడికి పోతాను? మీకు కావలసినాది నానా, లేకపోతే నా కళ్ళా?"

"రెండూ అని చెప్తే మీకు కోపం వస్తుంది. ఒక్కటే అని చెప్తే అబద్ధమవుతుంది" అన్నాడు సుందరరావు. "నాకు కొంచెం టైమివ్వండి."

ఆ వారమే ఆయన గంగులుకి ఫోన్ చేశాడు. తెల్లకర్ర పట్టుకుని నడవడం, పొయ్యి దగ్గర పని చేసుకోవడం, ఫోను చేత చదివించుకోవడం ఆ సంఘంలో నేర్పుతారు. వెళ్ళమని పద్మజ ఎన్నాళ్ళో బతిమాలింది. కర్ర పట్టుకుని వీధిలోకొస్తే శిష్యులు జాలిపడతారని ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు తనంతట తానే వెళ్ళి విజయనగరంలో ఉండిపోయాడు.

ఆయన లేని ఇంట్లో దేవమణికి పని లేదు. తమ్ముడింట్లో తోచలేదు. ఒకటి రెండుసార్లు టీవీలో సినిమా పెట్టుకుంది. చెప్పడానికి మనిషి లేక ఆపేసింది. తను కూడా ఆయన చెవుల కోసం వెతుక్కుంటోందని అప్పుడు తెలిసింది. నెలన్నర గడిచాక ఇక ఆగలేక, ఒక పొద్దున్న ఎవరికీ చెప్పకుండా విజయనగరం బస్సెక్కింది.

సంఘం ముందు ఆటో దిగేసరికి మాస్టారు వీధి దాటుతూ కనిపించాడు. నుదుటి మీద దెబ్బ తగిలిన గుర్తు ఉంది. కర్రతో నేల తడుముకుంటూ నెమ్మదిగా, ఒక్కడే వస్తున్నాడు. ఒక స్కూటరు హారన్ కొడితే ఆగి, మళ్ళీ కదిలాడు. దేవమణికి పరుగెత్తి చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ఆయన ఇవతలి గట్టు ఎక్కేదాకా ఉండి, అప్పుడు పలికింది.

"ఎడం పక్కన గొయ్యి ఉన్నాది."

ఆయన మొహం విప్పారింది. "తెలుసు. కర్ర సెప్పినాది" అన్నాడు అచ్చం ఆమెలాగే.

లోపలికి తీసుకెళ్ళి టీ తనే పెట్టాడు. వేలు గ్లాసు అంచుకి ఆనించి, ఒలకకుండా పోశాడు. పంచదార మాత్రం మరీ ఎక్కువైంది. దేవమణి ఒక గుక్క తాగి కిందపెట్టింది.

"పానకంలాగున్నాది."

"ఇంకా నేర్చుకుంటున్నాను. ఇప్పుడు చెప్తున్నాను వినండి. నా పనులు నేను చేసుకోగలను. మీరు రాకపోయినా బతకగలను. అయినా మీరు రావాలని ఉంది."

"నాను సినిమాలు సెప్పడం మానను. ఎవరు పిలిస్తే అక్కడికెళ్తాను."

"నన్నూ తీసుకెళ్ళండి. ఇంగ్లీషు ఎవరు చెప్తారు?"

"అయితే సరే" అంది దేవమణి. ఆ గ్లాసు మళ్ళీ తీసుకుని టీ మొత్తం తాగింది.

వానాకాలం వెళ్ళాక శ్రీకాకుళం చర్చిలో పెళ్ళి జరిగింది. అక్కని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది విక్టరే. బావగారికి తనే దగ్గరుండి అన్నం వడ్డించాడు.

ఇప్పుడు నెలకో ఊళ్ళో వాళ్ళ ఆట ఉంటుంది. మొన్న గరివిడిలో చెప్పారు. వచ్చే నెల పలాసలో. దానికోసం మరో పాత సినిమా తెప్పించుకున్నారు. అందులో హీరోయిను అద్దం ముందు నిలబడి నవ్వుతుంది, అది సంతోషమో ఉక్రోషమో దేవమణికి ఇంకా తేలలేదు. గొంతులో సంతోషమే ఉందంటాడు మాస్టారు. ముఖం అలా లేదంటుంది ఆమె. ఈ ఉదయం కూడా టిఫిను చల్లారిపోతుంటే ఆ ఒక్క ముక్కే మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టుకుంటున్నారు.