దానియేలు గారు ముందు నా మనిషి

చిలకలూరిపేట హార్మోనియం శిల్పి దానియేలు గారు ప్రభువు సన్నిధికి చేరారన్న దుర్వార్త నాకు మిరపకాయల కల్లంలో అందింది. పేట నుంచి వచ్చిన లారీ డ్రైవరు, "మీ పెట్టెల దానియేలు గారు పొద్దున పోయారండీ" అన్నాడు. కాయల పక్కనే కూలబడ్డాను. కళ్లు ధారలు కడుతుంటే మిరప ఘాటు అనుకుని కూలీలు మంచినీళ్లు తెచ్చిచ్చారు. అంతటి శోకంలోనూ నాకు మొట్టమొదట కలిగిన ఆలోచన ఏమిటంటే, ఈ కబురు నాకన్నా ముందు వేటపాలెం సుబ్బారాయుడికి తెలిసిందా అని! దాచుకోవడం దేనికి, దానియేలు గారి విషయంలో నేనెప్పుడూ అంతే.

సుబ్బారాయుడూ నేనూ పౌరాణిక నాటకాలకు హార్మోనిస్టులం. కాలితో తొక్కుతూ రెండు చేతులా వాయించే ఆ వాద్యాన్ని మేం పెట్టె అనే అంటాం. మంచి పెట్టె కావాలంటే కలకత్తా నుంచి తెప్పించుకోవలసిందేనని అందరూ నమ్మే రోజుల్లో, ఒక సాయంత్రం పేటలో నా బస్సు చెడిపోయింది. రోడ్డు పక్కన నిలబడి ఉంటే, నూలు మిల్లు వెనక ప్రార్థనా మందిరంలోంచి హార్మోనియం వినిపించింది. మంద్రంలో అంత గాంభీర్యం, తారస్థాయిలో అంత మాధుర్యం నేనెరుగను. బస్సు బాగై వెళ్లిపోయినా నాకు తెలియలేదు. కీర్తన ముగిశాక లోపలికి వెళ్లి, "ఇది ఏ కంపెనీదండీ?" అని పాస్టరు గారిని అడిగాను. ఆయన వెనక వరుసలో ఉన్న బట్టతల మనిషిని చూపించారు.

"కంపెనీ నేనేనయ్యా!" అని ఆ మనిషి మందిరం అదిరేలా నవ్వారు.

ఆయన పనిశాల మిల్లు గోడకు ఆనుకునే ఉండేది. గాలిలో ఎప్పుడూ దూది నుసి. అది రీడులో ఇరుక్కుంటే స్వరం మూగబోతుంది. అందుకని కిటికీలకు తడి గోనెలు కట్టి, నడి వేసవిలో సైతం తలుపులు బిడాయించుకుని, చెమటలు కక్కుతూ నాదోపాసన సాగించారు. వినయం మాత్రం బొత్తిగా లేదు. "నా పెట్టె మీద తప్పు వాయిస్తే జనం నిన్నే తిడతారు, పెట్టెను తిట్టరు. చూసుకో మరి!" అంటూ నా మొదటి పెట్టె నాకు అప్పగించారు.

దానితో నా పేరు ఒంగోలు దాకా పాకింది. ఎక్కడిదని అడిగినవాళ్లందరికీ కలకత్తా అని చెప్పాను. చెప్పనా మరి? లంకెబిందెలు దొరికిన చేను ఎవడైనా ఊరందరికీ చూపిస్తాడా? అయితే తన పెట్టె మోగే ప్రతి నాటకానికీ వచ్చి ముందు వరుసలో కూర్చుని, నటుల వంక చూడకుండా కళ్లు మూసుకుని వినడం ఆయన అలవాటు. ఒకసారి నాటకం మొదలుకాకముందు సుబ్బారాయుడు నా పెట్టెను నిమిరి, "ఎంతైనా కలకత్తా వాడి చెయ్యే వేరు" అన్నాడు. ముందు వరుసలోంచి కేక లేచింది.

"కలకత్తా ఏంటయ్యా కలకత్తా! చిలకలూరిపేట! మిల్లు వెనక సందు! ఎవర్నడిగినా చెప్తారు!"

నా కొంప మునిగింది. వారం తిరక్కుండా సుబ్బారాయుడు ఆ సందులో తేలాడు.

వాడి కొత్త పెట్టె విన్నరోజు నాకు అన్నం సయించలేదు. మర్నాడే వెళ్లి నిలదీశాను.

"వాడికి నాకన్నా మంచిది చేశారంటగా?"

"చేశాను. అయితే ఏంటంట?"

"ముందు వచ్చింది నేనండీ!"

"ఇదేమన్నా బస్సులో సీటా, ముందు తువ్వాలేసినోడికి ఇవ్వడానికి? నీది పట్రా, చూద్దాం."

నేను పోట్లాడినప్పుడల్లా నా పెట్టె విప్పి ఏదో ఒకటి సవరించేవారు. నాదం ఇంకాస్త తేటపడేది. అది విని సుబ్బారాయుడు పేటకు పరుగెత్తేవాడు. ఆయన సహధర్మచారిణి రూతమ్మ గారు మాకు టీ గ్లాసులు అందిస్తూ, "ఇద్దరు సవతులు దాపురించారమ్మా నాకు!" అని నవ్వేవారు.

ఊరూరా వీడియోలు వచ్చి నాటకాలు పలచబడ్డాక ఆయన కొత్తవి చేయడం మానేశారు. కిందటి వేసవిలో మాత్రం, "ఇంకొక్కటి చేస్తున్నా. నాకొచ్చిన పనంతా దీన్లో పెడతా. తర్వాత ఉలి ముట్టను" అన్నారు. ఎవరికండీ అంటే నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకోసమేనని నేననుకున్నాను. తనకోసమేనని సుబ్బారాయుడు అనుకున్నాడు.

భూస్థాపన అయ్యాక ఇద్దరం ఆ పనిశాలలో నిలబడ్డాం. పెట్టె పూర్తయి ఉంది. రూతమ్మ గారు కళ్లు తుడుచుకుంటూ, "ఎవరికనేది నాకూ చెప్పలేదయ్యా. కూర్చుని చూడండి, ఎవరిదో వాళ్ల కాలికే తెలిసిపోద్ది" అన్నారు.

నేనే ముందు కూర్చున్నాను. నా కుడి మోకాలు చిన్నప్పుడు విరిగింది. నేను ఎడమ కాలితో తొక్కుతాను కనుక నా పెట్టెకు తొక్కుడు చెక్క ఎడమవైపే అమర్చారాయన. ఇప్పుడు ఎడమ కాలు చాపితే ఉత్త నేల తగిలింది. చెక్క కుడివైపు ఉంది.

లేచి పక్కకు జరిగాను. సుబ్బారాయుడు కూర్చుని షడ్జమం పట్టాడు. అటువంటి నాదం ఈ జన్మలో వినలేదు. వాడు భోరుమన్నాడు. నేనూ ఏడ్చాను. పాస్టరు గారు నా వీపు నిమిరి ఓదార్చారు గానీ, ఆ కన్నీళ్లలో సగం ఆ పెట్టె కోసమని ఆయనకేం తెలుసు!

హార్మోనియాలు చేసేవాళ్లు ఇకముందూ ఉంటారు. నా కడుపుమంటను కూడా ఇష్టంగా భరించి, దానికి బదులు మధురనాదాన్ని ప్రసాదించిన ఆ మహాశిల్పి మళ్లీ పుట్టడు. ఆ పుణ్యమూర్తికి ఈ నాలుగు మాటలే నా అంజలి.

నిన్న పొద్దున్నే లేచి పేట బస్సెక్కాను. రాత్రంతా నిద్రపట్టలేదు. "వాడికెందుకు చేశారండీ? నాకెందుకు చేయలేదు?" అని మొహం మీదే అడిగేయాలనుకున్నాను. ఆయన లేరన్న సంగతి బస్సు యడ్లపాడు దాటాక గుర్తొచ్చింది.