బండ్లు రాని కట్ట

నాకు ముందు ఆ సబ్‌సెంటర్లో పనిచేసిన నర్సు పత్తిబేళ్ల లారీ కింద పడి చనిపోయింది. ఆమె ఖాళీలోనే నన్ను వేశారు. అవి ఎనభైల నాటి రోజులు. నాకు పెళ్లయి రెండో ఏడు నడుస్తోంది. చీరాల దగ్గర మా ఊరు వదిలి దర్శి వైపు పల్లెలకు వెళ్లాం. మా ఆయన అక్కడి మిషన్ స్కూల్లో టీచరుగా కుదిరాడు. నేను చేరిన రోజు టేబుల్ సొరుగులో ఆమె దువ్వెన, సగం రాసిన కాన్పుల రిజిస్టరు కనిపించాయి. ఆ రిజిస్టరునే నేను కొనసాగించాలి. ఆమె అక్షరాలు ఆగిన చోట నా అక్షరాలు మొదలయ్యాయి.

నాలుగు పల్లెలు నా కింద ఉండేవి. వాటిని కలిపే తారురోడ్డు మీద రాళ్ల లారీలు, పత్తి లారీలు, టిక్కీలనే పెద్ద మిరపకాయల బస్తాలు ఎత్తుకెళ్లే లారీలు ఒకదాని వెనక ఒకటి పోయేవి. అంచున సైకిలు వాళ్లు, గేదెలు, మనుషులు. మా ఆయన ఒకరోజు అంతా నిలబడి ఆ రోడ్డును చూసి వచ్చాడు.

"ఉద్యోగం మానెయ్యమని నేననను. ఆ రోడ్డు మానెయ్," అన్నాడు.

ఇంకో దారి ఉంది. పెద్దకాలవ కట్ట. నాలుగు పల్లెలూ కాలవకు అటో ఇటో మైలు లోపలే ఉన్నాయి. ఇంజనీర్ల జీపు తిరగడానికి కట్టమీద గరుసు పోసి బాట వేశారు. బండ్లకూ ట్రాక్టర్లకూ అక్కడ ప్రవేశం లేదు, కట్ట జారిపోతుందని. రోడ్డు నుంచి కట్టెక్కే చోట రెండు రాతిస్తంభాలు పాతి, వాటి మధ్య ఇనుప గొలుసు కట్టి తాళం వేసేవారు. సైకిలు వంచి గొలుసు కింద నుంచి తోసుకుపోవచ్చు.

మా ఆయన సెకండ్‌హ్యాండు లేడీస్ సైకిలు కొన్నాడు. ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక నన్ను కట్టమీదికి తీసుకుపోయి సైకిలు నేర్పించాడు. నాలుగో వారానికి నేను ముందు, ఆయన తన సైకిలు మీద వెనక, కాలవను వాగు మీదుగా దాటించే అక్విడక్టు దాకా పోయి వచ్చాం. ఒకవైపు నిండుగా పారే నీళ్లు, ఒకవైపు పత్తి, మిరప, మళ్లీ పత్తి. హారను మోత లేదు. నీటి మీద నుంచి వచ్చే గాలికి చెమట ఆరిపోయేది. అక్విడక్టు నీడలో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. నా జీవితంలో నేను సరదా కోసం ఎక్కడికైనా పోయానంటే ఆ కొద్ది ఆదివారాలే.

ఆ గొలుసుకు తాళం వేసేది లస్కరు. కాలవకు కాపలా ఉండి, షట్టర్లు ఎత్తి దించే మనిషిని అక్కడ అలా అంటారు. గొలుసుకు నాలుగు కిలోమీటర్ల అవతల తూము దగ్గర చిన్న క్వార్టర్లో భార్యతో ఉండేవాడు. యాభై దాటిన మనిషి. పిల్లల్లేరు. మొదటిరోజు నన్ను చూసి కర్ర అడ్డం పెట్టాడు.

"ఏందమ్మా ఇది? సర్కారు కట్ట మీద ఆడోళ్లు సైకిళ్లు తొక్కటం నేనెన్నడూ చూళ్లా."

"నేనూ సర్కారు మనిషినే బాబాయ్. నర్సుని."

కర్ర తీశాడు. "సైకిలైతే పో. బండి మాత్రం దేవుడొచ్చినా పోనివ్వను."

మాటకు కట్టుబడ్డాడు. పెళ్లివాళ్ల ఎడ్లబండిని వెనక్కి పంపడం నేను కళ్లారా చూశాను. చుట్టుపక్కల రైతులు ఆయన్ని తిట్టుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ మొండితనం వల్లే రోజూ క్షేమంగా ఇంటికి చేరుతున్నానని తెలుసు. ఆయన భార్యను పిన్నీ అని పిలిచేదాన్ని. సైకిలు చప్పుడు వినగానే చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. "ఎండలో పడి తిరగతన్నావు, గుక్కెడు తాగి పో అమ్మాయ్," అనేది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఎదురుగా ఉన్న పత్తి చేలో కూలికి పోయేది.

మేము వచ్చిన మూడో ఏడు పత్తికి తెల్లదోమ పడింది. ఆకుల అడుగున తెల్లటి పొడి చల్లినట్టు ఉండేది. చెట్టు కదిపితే పొగలా లేచేది. రైతులకు దిక్కు తోచలేదు. వారానికి ఒకసారి కొట్టే మందు రెండుసార్లు, మూడుసార్లు కొట్టారు. ఒక మందులో ఇంకో మందు కలిపారు. కట్టమీద గాలి కూడా మారిపోయింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తొక్కేదాన్ని. మగవాళ్లు డబ్బాలు వీపున కట్టుకుని పిచికారీ చేసేవాళ్లు. ఆడవాళ్లు కాలవలో నుంచి నీళ్లు మోసి డ్రమ్ముల్లో మందు కలిపేవాళ్లు. కర్ర దొరకకపోతే చేత్తోనే.

"పిన్నీ, చెయ్యి పెట్టబాకు," అని ఒకటి రెండుసార్లు చెప్పాను. నవ్వేది. "కడుక్కుంటన్నాలే," అనేది. అంతకుమించి నేను పట్టుబట్టలేదు.

ఆరోజు వానపడి మూడు రోజులయింది. రేగడి చేలు ఇంకా బురదగానే ఉన్నాయి. పదకొండు గంటలప్పుడు పై పల్లెలో పిల్లలకు టీకాలు వేసి తిరిగి వస్తున్నాను. తూము దగ్గర అరుపులు వినిపించాయి. కాలవ మెట్ల మీద పిన్ని పడి ఉంది. ఒక కూలామె తల పట్టుకుని ఉంది. చేను రైతు పక్కనే నిలబడి చేతులు పిసుక్కుంటున్నాడు. పిన్ని నోటి నుంచి నురగ కారుతోంది. ఒళ్లంతా చెమట. రెప్ప ఎత్తి చూశాను. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. రవిక, చీర మందుతో తడిసి ఉన్నాయి. డ్రమ్ము ఎత్తుతుంటే తూలి మీద పోసుకుందట. దులుపుకుని ఇంకో గంట పనిచేసిందట.

కూలామే నేనూ కలిసి తడిబట్టలు తీసేసి, సబ్బు పెట్టి కడిగి, ఇంట్లో నుంచి పొడిచీర తెచ్చి చుట్టాం. నా సంచిలో జ్వరం మాత్రలు, ఐరన్ మాత్రలు, అయోడిన్ ఉన్నాయి. ఆమెకు కావాల్సిన విరుగుడు ఇంజెక్షన్ మా దగ్గర ఉంచేవారు కాదు. అది పట్నంలో ఆసుపత్రిలోనే ఉంటుంది.

"బాబాయ్ ఏడి?"

"పై షట్టరు కాడికి పోయాడు పొద్దున్నే. సాయంత్రానికి గానీ రాడు," అంది కూలామె.

రైతుకు ట్రాక్టరు ఉంది. ఊళ్లో, గొలుసుకు అవతల. చేలకడ్డం పడి రావడానికి బురద. కట్టమీదైతే పావుగంటలో వచ్చేస్తుంది.

"నా సైకిలు తీసుకుని పోండి. ట్రాక్టరేసుకుని రండి," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఆయన లేడీస్ సైకిలెక్కి పోయాడు. మేము పిన్నిని చెట్టునీడలోకి మార్చి పక్కకు తిప్పి పడుకోబెట్టాం. నురగ తుడుస్తూ కూర్చున్నాను. ఆమె అప్పుడప్పుడు కళ్లు తెరిచి ఏదో అనబోయేది. కండరాలు చర్మం కింద పురుగుల్లా కదిలేవి. నేను కట్ట వైపే చూస్తున్నాను. ట్రాక్టరు చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఆ కట్టమీద చప్పుడే ఉండదు. నీళ్ల గలగల తప్ప ఏమీ లేదు. రోడ్డు మీదైతే నిమిషానికో లారీ పోయేది. ఎవడో ఒకడు ఆపేవాడు.

దాదాపు గంట అయ్యాక రైతు తిరిగి వచ్చాడు. సైకిలు మీదే.

"గొలుసుకి తాళం ఉందమ్మా! ట్రాక్టరు స్తంభాల కాడ ఆగిపోయింది. గడ్డపారేసి కొట్టాం, రాళ్లేసి కొట్టాం, రాలా. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటది."

రోజూ రెండుసార్లు ఆ గొలుసు కింద నుంచి వంగి వచ్చేదాన్ని నేను. దాని తుప్పు నా చీరకు అంటని రోజు లేదు. గొలుసు సంగతి నాకు గుర్తు రాలేదు. రైతు కంగారులో ఉన్నాడు సరే. నాకెందుకు గుర్తు రాలేదు?

ఇక ఆలోచించడానికేం లేదు. పిన్నిని సైకిలు వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టి, నడుముకు చీర చుట్టి సీటుకు కట్టాం. తల నిలవడం లేదు. కూలామె వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుంది. రైతు పక్కనుంచి ఆనించాడు. నేను హ్యాండిలు పట్టుకుని పరుగెత్తాను. నాలుగు కిలోమీటర్లు. నా చెప్పు తెగిపోయింది, విడిచేశాను. గరుసు కాళ్లకు గుచ్చుకుంది. "యేసయ్యా, యేసయ్యా" అనుకుంటూ పరుగెత్తడం తప్ప ఇంకేమీ గుర్తు లేదు. సగం దూరంలో పిన్ని చెయ్యి నా వీపుకు తగిలింది. పట్టుకోవాలని చూసిందో, ఊరికే జారిందో తెలియదు.

గొలుసు పైనుంచి ఎత్తి అటువైపు ట్రాక్టరు తొట్టిలోకి అందించాం. ఆసుపత్రిలో డాక్టరుగారు వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఒకటి తర్వాత ఒకటి ఇస్తూనే ఉన్నారు. సాయంత్రం నాలుగు దాటాక ఊపిరి ఆగిపోయింది. చేతులు కడుక్కుంటూ ఆయన నాతో మెల్లగా అన్నారు: "ఒక గంట ముందొచ్చుంటే బతికేదమ్మా."

అప్పుడే లస్కరు వచ్చాడు. కబురు అంది షట్టరు దగ్గర నుంచి నడిచి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. ఏడవలేదు. భార్య కాళ్ల దగ్గర నిలబడి మొలతాడుకున్న తాళంచెవుల గుత్తిని పట్టుకుని ఉన్నాడు. గొలుసు సంగతి ఆయనకు రైతు చెప్పేశాడు.

మర్నాడు పాతిపెట్టి వచ్చి ఆయన చేసిన మొదటి పని ఆ తాళం తీసి గొలుసు కాలవలో పారేయడం. పదిరోజుల్లో కట్టమీద బండ్లు మొదలయ్యాయి. తర్వాత ట్రాక్టర్లు. మిరప కోతలప్పటికి లారీలు కూడా. ఆయన గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉండేవాడు. ఎవర్నీ ఆపలేదు. గరుసు గుంతలు పడింది. తూముకు కాస్త దిగువన కట్ట జారింది. పై ఆఫీసరు వచ్చి చూసి, ఆయన్ని సస్పెండు చేసి క్వార్టరు ఖాళీ చెయ్యమన్నాడు.

పోయే ముందు ఒక ఉదయం సబ్‌సెంటర్‌కు వచ్చాడు. బయట ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వరసలో ఉన్నారు. ఆయన తలుపు పక్కన నిలబడి అందరూ పోయేదాకా ఆగాడు.

"ఒక్క మాట అడగాలమ్మాయ్. నిజం చెప్పు. ఆరోజు నేను తాళం వెయ్యకుండా పోయుంటే బతికేదా?"

నేను సిరంజిలు ఉడకబెడుతున్నాను. ఆయన వైపు తిరగలేదు.

"లేదు బాబాయ్. నేను చూసేటప్పటికే చెయ్యి దాటిపోయింది."

"డాక్టరుగారు కూడా అదే అన్నారా?"

"అదే అన్నారు."

ఆయన తల ఊపాడు. నమ్మాడో లేదో చెప్పలేను. "నువ్వు పరిగెత్తావంటగా. కాళ్లు పగిలినాయంటగా. నీ రుణం పెట్టుకున్నా," అన్నాడు. ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. గొలుసు మరిచిపోయింది నేను బాబాయ్, గంటసేపు ఊరికే కూర్చోబెట్టింది నేను, అని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆయన కండువా భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. వాళ్లక్క ఊరికి పోయాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆయన్ని మళ్లీ చూడలేదు.

ఆ రాత్రే మా ఆయనకు అంతా చెప్పాను. "ఆయన కోసం అబద్ధం ఆడావు, తప్పేముంది?" అన్నాడు. సగం ఆయన కోసమే. మిగతా సగం నా కోసం. అది మా ఆయనకు తెలియకపోలేదు. తెలిసీ ఆ మాట అన్నాడు.

గుడిలో నెలకొక ఆదివారం సాక్ష్యాలు చెప్పమంటారు. ఎవరి బాధ వాళ్లు లేచి చెప్పుకుంటారు. నేను రెండుసార్లు లేచాను. మొదటిసారి మా ఇంటి క్షేమం గురించి చెప్పి కూర్చున్నాను. రెండోసారి ఏమీ చెప్పకుండానే కూర్చున్నాను. పాస్టరుగారు నన్ను ఇక పిలవలేదు.

మరుసటి ఏడు బదిలీ పెట్టుకుని చీరాల వచ్చేశాను. మగ్గాల వీధుల్లో నడిచే తిరిగేదాన్ని. సైకిలు అమ్మేశాం.