అత్తమ్మ రాముడికి ఒక చీటీ

మొన్న గొలుసు కొక్కెం బాగు చేయించుకుందామని అబిడ్స్‌లో ఒక నగల దుకాణానికి వెళ్లాను. సంచిలోంచి గొలుసుతో పాటు చిన్న వెండి భరిణె కూడా బయటపడింది. దుకాణదారు అందులోని బంగారు కాసును అటూ ఇటూ తిప్పి చూసి, "బాగ అరిగిపోయిందమ్మా, కరిగిస్తే కమ్మలకు సరిపోతది," అన్నాడు. నాకు కోపం రాలేదు. ఈ వయసులో కోపాన్ని కూడా పొదుపుగా వాడుకోవాలి. ఆ కాసు ఏ దేశానిదో, దాని మీద ఎవరెవరున్నారో పావుగంట సేపు చెప్పాను. చివరికి కొక్కెం బాగు చేసినందుకు డబ్బులు వద్దన్నాడు. పాఠం నచ్చి వద్దన్నాడో, ముసలావిడ త్వరగా కదిలితే చాలనుకున్నాడో తెలియదు. ఏదైనా ఆ పాఠం నాది కాదు, మా ఆయనది.

మా ఆయన నాంపల్లి స్టేషనులో టికెట్ల గుమస్తా. నేను కాపురానికి వచ్చేనాటికి స్టేషను వెనక కిరాయి ఇంట్లో తల్లీ కొడుకులిద్దరే ఉండేవారు. అప్పట్లో మాకు రెండు రకాల డబ్బు. ఊళ్లో చెల్లేది నిజాంగారి హాలీ సిక్కా, రైలెక్కి సరిహద్దు దాటితే ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయి. పొద్దస్తమానం ఆ రెంటి మధ్య కూర్చునే మనిషికి నాణేల పిచ్చి పట్టడంలో వింతేముంది? యుద్ధం రోజుల్లో అది ముదిరింది. అబిడ్స్ నిండా సోల్జర్లు తిరిగేవారు. వాళ్ల జేబుల్లోంచి ఏ దేశానివో నడుమ చిల్లున్న పైసలు హోటళ్ల గల్లాపెట్టెల్లో పడేవి. హోటళ్లవాళ్లు వాటిని మా ఆయన కోసం దాచిపెట్టేవారు. "చెల్లే పైస ఇచ్చి చెల్లని పైస తెచ్చుకునేటోన్ని నిన్నే చూసిన కొడుకా," అనేది మా అత్తమ్మ. అంటూనే ఇరుగుపొరుగును పిలిచి ఆ చెల్లని పైసలే గొప్పగా చూపించేది.

ప్రతి నాణేనికీ ఆయన ఒక చీటీ రాసేవారు. పాత టైంటేబుళ్ల అట్టలు కత్తిరించి, ఏ దేశం, ఏ రాజు, ఏ లోహం అని గుండ్రని అక్షరాలతో రాసి పక్కన పెట్టేవారు. ఎంత చూసినా అంతు చిక్కకపోతే "తెలియదు" అని రాసేవారు. సీసపు నాణెమైతే కాగితం మీద గీసి చూపించేవారు, పెన్సిలు గీతలా నల్లగా పడేది. ఆ గీత చూసినప్పుడల్లా వంట మధ్యలో వదిలేసి వచ్చానన్న సంగతి మరిచిపోయేదాన్ని. ఎన్ని పోపులు మాడాయో లెక్కలేదు. ఒకసారి ఆయన స్నేహితుడు వెయ్యేళ్ల నాటిదంటూ ఒక నాణెం తెచ్చాడు. అంచు చుట్టూ ఉన్న సన్నని అతుకు చూసి, అది ఈమధ్యే అచ్చులో పోసిన దొంగ నాణెమని ఈయన మొహం మీదే చెప్పేశారు. ఆ స్నేహితుడు ఆరునెలలు మా గడప తొక్కలేదు. జర మెత్తగా చెప్తే ఏం పోయేదని నేను అడిగితే, "ఒక్క చీటీ అబద్ధం రాస్తే మిగతా చీటీలను ఎవరు నమ్ముతరు?" అన్నారు.

ఆ ఇంట్లో చీటీ లేని నాణెం ఒక్కటే, మా అత్తమ్మ పూజలోది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న బంగారు కాసు. దాని మీద నిలబడ్డాయన రాముడు, ఆయన ముందు మోకాళ్ల మీద ఉన్నది ఆంజనేయులు, మధ్యలో నిలువుగా ఉన్నది ఆంజనేయుల తోక. ఆమెకు వాళ్ల అమ్మ అలాగే చెప్పిందట. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పైగా అది ఎప్పుడూ పసుపు కుంకుమల కిందే ఉండేది కాబట్టి, మా ఆయన కూడా దగ్గరగా చూసిన పాపాన పోలేదు.

కాలేజీలో చరిత్ర చెప్పే ఒక పెద్దాయన ఈయన నాణేల సంగతి ఎవరి ద్వారానో విని ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. నాణేల విషయంలో ఆయన మాటకు తిరుగులేదని పేరు. పరుపు మీద పరిచిన నాణేలన్నీ చూసి, ప్రతి చీటీ చదివి, "తెలియదు అని రాసుకున్న మనిషిని మొదటిసారి చూస్తున్నాను," అన్నారు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. తలుపు పక్కన ఉన్న అత్తమ్మ సంగతి ఇక చెప్పాలా? గబగబా లోపలికి వెళ్లి కాసును కడిగి పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. "అన్నిటికి చీటీలు రాసిండు, మా రామునికి ఒక్కటి రాయలే. మీ ముందర రాయమనుండ్రి," అంది.

పెద్దాయన భూతద్దం పెట్టి చూశారు. కాసునూ అద్దాన్నీ మా ఆయన చేతికిచ్చి, "మీ ఇంటి నాణెం, మీరే చెప్పాలి," అన్నారు. మా ఆయన చూశారు. అద్దం తుడిచి మళ్లీ చూశారు. అత్తమ్మ చేతిలో పళ్లెం అలాగే ఉంది. ఈ ఒక్కసారికి రాముడని రాసేయాలని నేను లోపల్లోపల మొక్కుకున్నాను.

"అమ్మా, ఈయన రాముడు కాదే," అన్నారు మా ఆయన చివరికి. "సముద్రం అవతల వెనిస్ అని ఒక ఊరుంది. గా ఊరి కాసు ఇది. వ్యాపారస్తుల చేతులు మారుకుంట మన దాక వచ్చింది."

అత్తమ్మ పళ్లెం పరుపు మీద పెట్టింది. "మరి నిలబడ్డాయన ఎవరు?" అని అడిగింది.

"వాళ్ల మతంల ఒక మహానుభావుడు."

"మోకాళ్ల మీదున్నాయన?"

"ఆ ఊరినేలేటాయన. మన లెక్కన రాజనుకో. నడుమ ఉన్నది తోక గాదమ్మా, జెండా కర్ర."

ఆమె ఒంగి పరుపు మీది నాణేలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. "గివన్నిటి మీద రాజులు తలకాయ ఎత్తుకొనే ఉన్నరు గద కొడుకా. మోకాళ్ల మీదికి దిగిన రాజు గీ ఒక్కదాని మీదనే ఉన్నడు. రాజే దండం పెట్టంగ లేంది, నేను పెడ్తే తప్పేంది?" అని కాసును కళ్లకద్దుకుంది. "ఉన్నదున్నట్టు రాయి. నేనేం ఫికర్ చెయ్య."

పెద్దాయన జేబులోంచి నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకున్నారు. ఇన్నేళ్లుగా ఇలాంటి నాణేలను చూస్తున్నా తనకు తట్టలేదని అత్తమ్మకు నమస్కారం పెట్టారు. ఆ రోజు తల్లీ కొడుకుల్లో ఎవరిని చూసి ఎక్కువ గర్వపడ్డానో ఇప్పటికీ చెప్పలేను. అబద్ధం చెప్పని కొడుకూ, నిజానికి బెదరని తల్లీ ఉన్న ఇంటికి కోడలినైనందుకు పడ్డానని మాత్రం చెప్పగలను.

ఆ చీటీ ఇప్పటికీ భరిణెలోనే ఉంది. "వెనిస్. బంగారం. రాజు మోకాళ్ల మీద. మా అమ్మ పూజించేది." హాలీ సిక్కా పోయింది, కల్దార్ పోయింది, తల ఎత్తుకున్న రాజులందరూ పోయారు. మా అత్తమ్మ కాసు మీది రాజు మాత్రం ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు.