కోచ్‌ ఎక్కిన బస్సు

కండక్టరు బాబాయికి ఇరవై ఏళ్లుగా ఒకటే ఫుట్‌బాల్ జట్టు, ఒకటే గొంతునొప్పి. జట్టు ఓడినప్పుడల్లా డిపో బల్ల మీద కాళ్లు చాపుకుని, పిక్కలు ఒత్తుకుంటూ, తర్వాతి కోచ్‌ ఎవరో తేల్చేసేది ఆయనే. ఆ మధ్యాహ్నం మాత్రం డ్రైవర్లు గొంతులు చించుకుంటున్నా పెదవి విప్పలేదు. ముందురోజే పదవి ఊడిన కోచ్‌ పొద్దున ఆయన బస్సే ఎక్కాడు, ఒళ్లో అట్టపెట్టెతో. "స్టేషనొస్తే కాస్త చెప్తారా? ఇన్నాళ్లూ క్లబ్బు కారే తిప్పింది, నాకు దారులు తెలీవు" అన్నాడు. రెండేళ్లు గ్యాలరీలోంచి ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టిన బాబాయి టికెట్టు చేతిలో పెట్టాడు. స్టేషన్‌ దగ్గర పెట్టె తనే మోసి దించాడు.

"ఏం బాబాయ్, ఎవరైతే బాగుంటుందంటావు?" అని ఒక డ్రైవరు కదిపాడు.

"ఎవరో ఒకరొస్తార్లే. వచ్చినాయనకి ముందు ఊరు చూపించండ్రా" అని బాబాయి కళ్లు మూసుకున్నాడు.