తీసేసిన వాక్యం

కృపారాణికి కోపం ఎక్కువ. ఆ మాట ఆమె ఎదుట అంటే, "ఎక్కువేం కాదు, ఎంత కావాల్నో అంతే" అంటుంది. తార్నాకలో వాళ్లు అద్దెకుండే అపార్టుమెంటు లిఫ్టు పక్కన ఒక నోటీసు ఉండేది, "మోటారు టైమింగ్స్ మామూలే" అని. ఆ ఇంట్లో దిగిన కొత్తలోనే కృపారాణి దాన్ని పీకి, పట్టుకెళ్లి అసోసియేషన్ ప్రెసిడెంటు తలుపు కొట్టింది. "మామూలంటే ఎప్పుడు సార్? కొత్తగ వచ్చినోళ్లకు మీ మామూలు ఎట్ల తెలుస్తది?" మర్నాటి నుంచి నోటీసులో టైములు వచ్చాయి. "నిన్ను జూస్తె కాగితాలు గూడ భయపడ్తయ్" అని భర్త ఇమ్మానుయేల్ ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు.

ఆమె ఉద్యోగమూ అలాంటిదే. యూనివర్సిటీ క్యాంపస్‌లో, చెట్ల వెనక ఒక పాత రెండంతస్తుల బిల్డింగులో కంప్యూటర్ విభాగం ఉంది. పరీక్షల మార్కులన్నీ అక్కడే ఉంటాయి. కాలేజీల సాఫ్ట్‌వేర్లూ, రిజల్ట్స్ చూపించే ఫోన్ యాప్‌లూ, కంపెనీల తరఫున సర్టిఫికెట్లు సరిచూసే ఏజెన్సీలూ అక్కడికే వచ్చి మార్కులు అడుగుతాయి. మనుషులు వచ్చి నిలబడరు, ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను అడుగుతుంది. అలా అడగడానికి పెట్టిన కిటికీ పేరు ఏపీఐ. ఆ కిటికీ దగ్గర ఎలా అడగాలి, అడిగితే ఏమొస్తుంది, వచ్చినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అన్నది అందరికీ తెలిసేలా రాయడం కృపారాణి పని. దాన్ని డాక్యుమెంటేషన్ అంటారు. అదే క్యాంపస్‌లో ఇంగ్లీషు ఎం.ఏ. చదివి, అక్కడే కాంట్రాక్టు మీద చేరి, ఏళ్లు గడిచినా కాంట్రాక్టులోనే ఉంది. పర్మినెంటు వాళ్లు ఆమె పనిని "ఆ రాతపని" అంటారు, అదేదో శుభలేఖల మీద అడ్రసులు రాయడమన్నట్టు. అది విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండుతుంది. మండదూ మరి!

రాసిన పేజీని పరీక్షించడానికి ఆమెకో పద్ధతి ఉంది. ఏమీ తెలియని మనిషిని ఎవరినైనా పట్టుకొచ్చి పేజీ ముందు కూర్చోబెడుతుంది. తను పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. చచ్చినా నోరు విప్పదు. చదివే మనిషి ఎక్కడ ఆగాడు, ఎక్కడ నొసలు చిట్లించాడు, అదే చూస్తుంది. "నేను పక్కన నిలబడి చెప్పాల్సి వచ్చిందంటే, నేను రాసింది దండుగ" అంటుంది.

అలా పరీక్షిస్తున్నప్పుడే ఒక సంగతి బయటపడింది. జవాబు పేపర్లు దిద్దే క్యాంపు నుంచి ఇంకా మార్కులు రాని పేపరుకు ఆ కిటికీ సున్నా ఇస్తోంది. పరీక్షలో నిజంగా సున్నా తెచ్చుకున్నవాడికీ అదే సున్నా. తేడా తెలియాలంటే పక్కన స్టేటస్ అనే ఇంకో గడి చూడాలి. మార్కులు రాకపోతే అక్కడ పెండింగ్ అన్న అర్థంలో "పి" అనే ఒక్క అక్షరం ఉంటుంది. ఆ గడి ఒకటుందని చూసేవాడికి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

ప్రోగ్రామర్ నరహరిని నిలదీస్తే అతను తల గోక్కున్నాడు. "పాత కోడ్ అక్క అది. ముట్టుకుంటె ఇంకేదో పడిపోతది. మార్చాలని ఫైల్ పెట్టిన, కమిటీ దగ్గర ఉన్నది."

సరే, కోడ్ మారేదాకా కనీసం రాసైనా పెడదామని ఆమె పేజీ మొదట్లోనే రాసింది. రాసింది ఇంగ్లీషులోనే, అర్థం మాత్రం ఇది: "మార్కుల దగ్గర సున్నా కనిపిస్తే ముందు స్టేటస్ గడి చూడండి. అక్కడ పి ఉంటే మార్కులు ఇంకా రాలేదు. ఆ విద్యార్థిని ఫెయిల్ అని చూపించకండి."

అనుమతికి పంపితే, విభాగం డైరెక్టర్ వెంకటసుబ్బారావు గారు దాని మీద ఎర్ర గీత కొట్టారు. "మన ఇల్లు కారుతోందని మనమే గుమ్మానికి బోర్డు పెట్టుకుంటామా అమ్మా?"

"పెట్టకుంటె వచ్చినోళ్లు తడుస్తరు సార్."

ఆయన నవ్వేసి తరువాతి ఫైలు తీసుకున్నారు.

తడిసింది పద్మశ్రీ.

ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ పిల్ల. ఆఖరి సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన వారంలో, లేడీస్ హాస్టల్ నుంచి నడుచుకుంటూ వచ్చి కంప్యూటర్ విభాగం వరండాలో నిలబడింది. ఎవరిని అడగాలో తెలియక కనబడినవాళ్లందరినీ అడుగుతోంది. ఎవరూ ఆగలేదు. కృపారాణి ఆగింది.

"మందుల కంపెనీల ల్యాబు జాబ్ వచ్చింది మేడం. సర్టిఫికెట్లు చూసే ఏజెన్సీ వాళ్లు ఆర్గానిక్ కెమిస్ట్రీల సున్నా, ఫెయిల్ అని కంపెనీకి రాసిన్రు. నేనా పరీక్ష మంచిగ రాసిన. ఎగ్జామ్ బ్రాంచిల అడిగితె మా పేపర్ల కట్ట ఇంకా దిద్దలేదంటున్నరు. శుక్రవారం సాయంత్రం లోపల సరిచేయించుకోకుంటె జాబ్ వేరేటోళ్లకు ఇస్తరట."

"ఎగ్జామ్ బ్రాంచి దగ్గర లెటర్ తీసుకోలేదా?"

"తీసుకున్న. లెటర్లు చెల్లవంట. మీ యూనివర్సిటీ సిస్టంల ఏమొస్తే అదే మాకు ఫైనల్ అన్నరు." అంది పిల్ల. "మా బాపు ఊరంత చెప్పుకున్నడు మేడం. ఇప్పుడు ఫెయిలయిన అని ఎట్ల చెప్పాలె?"

కృపారాణికి ముందు వచ్చింది జాలి కాదు, కోపం. అమ్మాయిని క్యాంటీన్‌కు తీసుకెళ్లి, టీ చెప్పి, డైరెక్టర్ కొట్టేసిన ఆ మూడు వాక్యాలు ఫోన్‌లో తీసి ముందు పెట్టింది. తను బల్ల పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పద్మశ్రీ ఒక్కసారి చదివింది. ఎక్కడా ఆగలేదు.

"అంటే నేను ఫెయిల్ కాలేదా?"

"కాలేదు."

"మరి ఇది వాళ్లకెందుకు చెప్పలేదు మేడం?"

ఆ ప్రశ్నకు జవాబుగా కృపారాణి ఆ మధ్యాహ్నమే, ఎవరినీ అడగకుండా, ఆ మూడు వాక్యాలనూ పేజీలో పెట్టేసింది. పేజీలో ఏం మారినా, ఆ కిటికీ వాడే వాళ్లందరికీ "పేజీ మారింది" అని మెయిల్ పోతుంది. ఈసారీ పోయింది. జవాబు లేదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, టెక్నికల్ సందేహాలు మెయిల్‌లో పంపమంది ఎవరో అమ్మాయి. గురువారం కూడా అక్కడ ఫెయిలే. యూనివర్సిటీ వాళ్లు ఏదీ సరిగ్గా రాసి చావరని ఏడాది పొడుగునా తిట్టిపోసే సాఫ్ట్‌వేర్ జనం, తీరా రాసి పంపితే తెరిచి కూడా చూడలేదు. ఆ రాత్రి ఇమ్మానుయేల్ అన్నం తినమంటే అతని మీద కూడా అరిచింది.

శుక్రవారం పొద్దున్నే డైరెక్టర్ పిలిచారు.

"ఎవరి పర్మిషన్‌తో పెట్టారు?"

"ఒక పిల్ల ఉద్యోగం పోతున్నది సార్, ఇయ్యాల సాయంత్రం."

"అది వాళ్ల కాలేజీ చూసుకుంటుంది. ముందు ఆ లైన్లు తీసేయండి. సందేహాలుంటే డైరెక్టర్ కార్యాలయాన్ని సంప్రదించగలరు అని పెట్టండి, చాలు. మీ కాంట్రాక్టు రెన్యువల్ నా సంతకం మీదే ఉందని మరిచిపోయినట్టున్నారు."

"ఏ నంబర్ ఇయ్యాలె సార్?"

"ఆఫీసు నంబర్! అది కూడా నేనే చెప్పాలా?"

ఆ ఆఫీసుకున్నది ఒక్కటే ఫోను. అది ఆయన బల్ల మీదే ఉంటుంది.

కృపారాణి తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. చెప్పినట్టే చేసింది. పేజీలోంచి ఏది తీసేసినా, తీసేసిన మాటలను పూర్తిగా చూపిస్తూ మెయిల్ పంపాలన్నది ఆ విభాగం రూలు. దాని మీద సంతకం వెంకటసుబ్బారావు గారిదే. మెయిల్‌లో "తీసేసినవి" అన్న చోట ఆ మూడు వాక్యాలూ పెట్టింది. "చేర్చినది" అన్న చోట ఆయన చెప్పిన వాక్యమూ, ఫోన్ నంబరూ పెట్టి పంపించింది.

"చెప్పినట్టే చేసినవా అక్క?" అనడిగాడు నరహరి.

"అక్షరం పొల్లుపోలే."

దీన్ని మాత్రం ఎవరు చదువుతారులే అనుకుంది. కానీ కాసేపటికే గోడ అవతల ఫోను మోగింది. పెట్టేయగానే మళ్లీ మోగింది. ఇక ఆగలేదు. వాక్యం పేజీలో ఉన్నప్పుడు ఒక్కడూ చూడలేదు, తీసేశామనేసరికి అందరికీ కళ్లు తెరుచుకున్నాయి. ఏదో జాగ్రత్త చెప్పారట, తీసేశారట, ఎందుకు తీశారు? నల్లకుంట నుంచి ఒకడు, విద్యానగర్ నుంచి ఒకడు, వరంగల్ నుంచి ఏదో కాలేజీ, అందరిదీ ఒకటే ప్రశ్న: సున్నా అంటే ఇప్పుడు ఫెయిలేనా? ఏం జనమో! పెట్టింది తినరు, ఎత్తేస్తుంటే మాత్రం చెయ్యి చాస్తారు.

మధ్యాహ్నం దాటాక డైరెక్టర్ ఆమెను లోపలికి పిలిచారు. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నారు. "ఈ ఫోను మీరు ఎత్తండి."

"పేజీల డైరెక్టర్ అని ఉన్నది సార్."

ఆయన ఏదో అనబోయేలోపు మళ్లీ మోగింది. ఎత్తారు. అవతల ఆ ఏజెన్సీ వాళ్లే. కృపారాణి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"చూడండి," అన్నారు డైరెక్టర్ బొంగురుపోయిన గొంతుతో, "మార్కుల దగ్గర సున్నా కనిపిస్తే ముందు స్టేటస్ గడి చూడండి. అక్కడ పి ఉంటే మార్కులు ఇంకా రాలేదు. ఆ విద్యార్థిని ఫెయిల్ అని చూపించకండి... ఏమిటీ?" అవతలి మాట విని ఆయన ముఖం మాడిపోయింది. "నేను డైరెక్టర్‌ని, నేను చెబుతున్నాగా! రాసి ఉంటేనే మారుస్తారా?"

ఫోను పెట్టేశారు. "ఆ లైన్లు మళ్లీ పెట్టండి."

"ఎవరి పర్మిషన్‌తో అని రేపు మీరే అడుగుతరు సార్."

"నేనే చెబుతున్నాను కదా!"

"అయితే చెప్పండి సార్. రాస్తా."

ఆయన చెప్పారు. పొద్దుటి నుంచి చెప్పీ చెప్పీ నోటికొచ్చేసింది. కొట్టేసిన ఆ మూడు వాక్యాలే, మాట తేడా లేకుండా వచ్చాయి. మెయిల్‌లో అనుమతించినవారు అన్న చోట కృపారాణి ఆయన పేరు రాసి పంపించింది.

ఆఫీసు మూసే వేళకు పద్మశ్రీ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఏజెన్సీ ఫెయిల్ తీసేసి "ఫలితం రావాలి" అని మార్చింది. కంపెనీ ఆగుతానంది. పిల్ల వరండాలో నిలబడి నవ్వుతూ ఏడుస్తోంది. కారెక్కబోతూ డైరెక్టర్ అది చూసి ఆగారు.

"చూశారా కృపారాణి గారూ, నేను పూనుకుంటే ఎంతసేపు!"

ఆమె నోరు విప్పి ఉంటే కాంట్రాక్టు అక్కడే ఊడేది. కారు వెళ్లిపోయింది.

గేటు దాకా తోడొస్తానంది పద్మశ్రీ. ఇద్దరూ తార్నాక వైపు నడిచారు. క్యాంపస్ గేటు దాకా కృపారాణికి డైరెక్టర్ మాటే చెవుల్లో గింగురుమంటోంది. పద్మశ్రీ కళ్లు తుడుచుకుంటూ నడుస్తోంది. గేటు దగ్గర ఆగింది.

"మేడం, ఇంతకుముందు గూడ ఇట్ల సున్నా వచ్చినోళ్లు ఉండే ఉంటరు కదా. వాళ్లేం చేసిన్రు?"

కృపారాణి మనసులో లెక్క వేసుకుంది. ఎన్ని సెమిస్టర్లు, ఎంతమంది పిల్లలు. వరండా దాకా రానివాళ్లు, వచ్చినా ఎవరూ ఆగి అడగనివాళ్లు. ఫెయిలయ్యామనే నమ్మి, ఇంట్లో అలాగే చెప్పుకుని, ఏ పనిలోనో కుదిరిపోయినవాళ్లు. వాళ్లలో ఒక్కరి పేరూ ఆమెకు తెలియదు.

"నువ్వు హాస్టల్‌కు పో బిడ్డ" అని ఆమె వెనక్కి తిరిగింది.

విభాగానికి తాళం వేస్తున్న నరహరిని ఆపి, లోపలికెళ్లి పేజీ తెరిచింది. ఆ మూడు వాక్యాల కింద ఇంకో రెండు చేర్చింది: "గతంలో సున్నా చూసి ఫెయిల్ అని చూపించిన ప్రతి విద్యార్థి వివరాలూ మళ్లీ సరిచూడండి. తప్పుగా చూపించి ఉంటే ఆ విద్యార్థికి మీరే తెలియజేయండి."

"సార్‌ను అడగవా అక్క?"

"అడగను."

పంపించేసింది. కింద సందేహాలుంటే అన్న చోట డైరెక్టర్ ఫోన్ నంబరు అలాగే ఉంచింది.