సాలమ్మకు పడని ఓటు

ఈ సంగతి ఇన్నేళ్లుగా లోపలే మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నేను అనంతపురంలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మా కాలనీలో లెక్చరర్లు, లాయర్లు, బ్యాంకువాళ్లు ఎక్కువ. కులం చూడరు, డబ్బు తీసుకోరు అని పేరు. కార్పొరేటర్‌గా నిలబడేవాళ్లు ముందు మా రీడింగ్ రూముకొచ్చి కూర్చునేవారు. మేం ఎటు మొగ్గితే వార్డు అటే.

ఆ ఏడు మేమే ఒక మనిషిని నిలబెట్టాం. సాలమ్మ. వేసవిలో నీళ్ల ట్యాంకర్లకు అడ్డం నిలబడి, పేదల వీధికీ సమానంగా పోయించిన మనిషి. ఆమె పేరు ప్రతిపాదించింది నేనే.

తర్వాత ఒక ఆలోచన పట్టుకుంది. సాలమ్మ తల్లి మా వీధి ఊడ్చేది. రేపు ఏ సంతకం కావాలన్నా నేను వెళ్లి ఆ ఇంటి ముందు నిలబడాలా? ఇలా అనుకున్నది నేనేనా? నేనే. పొద్దుటి నడకలో ఇద్దరు మిత్రులతో, "మంచిదే గానీ, ఆఫీసర్లతో మాట్లాడగలదా?" అన్నాను. అంతే. వాళ్లు ఇంకెవరితోనో అన్నారు. పోలింగు రోజు నా ముద్ర వేరే గుర్తు మీద పడింది.

సాలమ్మ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. మర్నాడు మా గేటు దగ్గరికొచ్చింది.

"మా ఈదోళ్లంతా ఏసినారు సార్. కొత్త అపార్ట్‌మెంట్ల పిల్లోళ్లు గూడా ఏసినామన్నారు. పాతోళ్లే నన్ను చూసి మొగం తిప్పుకుంటాండారు. నేనేం తప్పు జేసినా? మీరేసినారని నాకు తెల్సు."

"చదువుకున్నోళ్లు మారిపోయినారమ్మా," అన్నాను.

ఆ మాటే కాలనీ మీటింగులో చెప్పాను. పత్రికకు వ్యాసంగా కూడా రాశాను. నిలబెట్టిన మనిషినే గెలిపించుకోలేని కాలనీ అని పార్టీలకు అర్థమైంది. తర్వాత మా దగ్గరికి ఎవరూ రాలేదు. రీడింగ్ రూము మూతపడింది. మిత్రులు ఇప్పటికీ డబ్బునూ, కొత్తగా వచ్చినవాళ్లనూ తిడతారు. నేనూ తలూపుతాను.

సాలమ్మ మళ్లీ నిలబడలేదు. బుక్కరాయసముద్రంలో కూతురి దగ్గర ఉంటోంది. ఎప్పుడైనా బజారులో ఎదురైతే, "ఆ పొద్దు నాకేసింది మీరొక్కరే సార్," అంటుంది. నేను చేతులు జోడించి పక్కకు తప్పుకుంటాను.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆమెకు నేను ఓటు వేయలేదు. ఇంకొందరిని వేయనివ్వలేదు. ఈ రెండు ముక్కలూ రాయడానికి ఇంతకాలం పట్టింది. కాస్త ఊపిరాడుతోంది.